సుధాకర్ అయ్యగారు కావడానికి పట్టిన కాలం

కాఫీ సగం తాగేలోపు

సేవలోకి రావాలనుకునే కుర్రాళ్ళు బందరులో మా ఇంటికి వస్తుంటారు. వందనాలు చెప్పి, కూర్చుని, మా ఆవిడ ఇచ్చిన కాఫీ సగం తాగేలోపు ఒకటే మాట అడుగుతారు. "అయ్యగారూ, మామూలుగా ఎన్నాళ్ళు పడుతుందండీ?"

దేనికని నేను అడగను. ఆర్డినేషనుకి. అంటే గురుపట్టా పుచ్చుకుని, తెల్ల అంగీ తొడుక్కుని, పేరుకి ముందు రెవరెండ్ అని రాసుకోవడానికి. అందరూ ప్రభువు పిలిస్తే వచ్చినవాళ్ళే. పిలిచినవాడు బస్సు టైము కూడా చెప్పే ఉంటాడని వాళ్ళ నమ్మకం.

నేను నవ్వుతాను. అలా నవ్వకూడదంటుంది మా ఆవిడ శాంతమ్మ. ఆ వయసులో నేనూ మా పెద్దయ్యగారిని ఇదే మాట అడిగి ఉంటానని ఆవిడ అనుమానం. లేదని సాక్ష్యం చెప్పడానికి ఆయన ఇప్పుడు లేరు కాబట్టి నేను వాదించను.

పాస్టరుగా నేను బందరులో మొదలుపెట్టి, గుడివాడ చుట్టుపక్కల పల్లెల్లో తిరిగి, చివరికి అవనిగడ్డలో చాలా ఏళ్ళు ఉన్నాను. ఎప్పుడు ఎక్కడికి మార్చారో, ఏ కమిటీలో ఏ కుర్చీలో కూర్చున్నానో మీకు అనవసరం. కమిటీల్లో ఎక్కువగా బిస్కెట్లు తిన్నాం. అవనిగడ్డలో ఉండగా మా సంఘాల పెద్దలు నాకొక పని అప్పజెప్పారు. సెమినరీలో చదువు ముగించిన కుర్రాళ్ళని నా దగ్గరికి పంపేవారు. నేను వాళ్ళని దివిసీమ పల్లెల్లో పనికి పెట్టి, దగ్గరుండి చూసి, ఇక ఫరవాలేదనుకున్నప్పుడు సరేనని సంతకం పెట్టాలి. ఆ తర్వాతే వాళ్ళకి గురుపట్టా.

తయారుచెయ్యడం అని దానికి పేరు. చేసిందంతా ఆపడం. కొంతమందిని ఆపనక్కర్లేదు, నెట్టాలి. ఒకతన్ని కొంచెం ఓపిక పట్టు నాయనా అంటే, ఓపికలో ఎంత ఆరితేరాడంటే మంచం దిగడం మానేశాడు. అలాంటివాళ్ళు తక్కువ. మిగతావాళ్ళంతా పరుగు మీద ఉన్నవాళ్ళే.

వాళ్ళలో ఒక్కడి సంగతి చెప్తాను. అందరికంటే బాగా మాట్లాడినవాడూ అతనే, అందరికంటే తొందరపడ్డవాడూ అతనే. పేరు సుధాకర్ అనుకోండి.

కోటుతో దిగినవాడు

తొంభైల మధ్యలో, మే నెల ఎండలో, సుధాకర్ అవనిగడ్డ బస్టాండులో కోటు వేసుకుని దిగాడు. చెమటకి కాలరు మెడకి అతుక్కుపోయింది. తియ్యమని నేను చెప్పలేదు. ఇంటికి రాగానే మా ఆవిడ మజ్జిగ ఇచ్చి, "ముందు అది విప్పు బాబూ, ఇక్కడ ఎవరూ ఫోటో తియ్యరు" అంది.

మొదటి ఆదివారం అవనిగడ్డ గుడిలో అతనిచేత ప్రసంగం చేయించాను. ఉన్నమాట చెప్పాలి, అలాంటి గొంతు నేను మళ్ళీ వినలేదు. తగ్గించాల్సిన చోట తగ్గించాడు, లేపాల్సిన చోట లేపాడు. చంటిపిల్లలు కూడా ఏడవడం మానేశారు. పెద్దవాళ్ళు ఏడవడం మొదలుపెట్టారు. మా ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నా ప్రసంగాలకి ఆ కొంగు ఎప్పుడూ తడవలేదు. ఆవలింత వచ్చినప్పుడు నోటికి అడ్డం పెట్టుకోవడానికి మాత్రం పనికొచ్చింది. ఆరాధన అయ్యాక ఒక సంఘ పెద్ద నా దగ్గరికి వచ్చి, ఇలాంటి ప్రసంగం ఈ గుడిలో ఇంతవరకూ, అని మొదలుపెట్టి, ఇన్నాళ్ళూ ఇక్కడ ప్రసంగం చేసింది నేనేనని గుర్తొచ్చి వాన సంగతి ఎత్తాడు.

సుధాకర్ కూడా అంతా చూశాడు. ఇక తనని అవనిగడ్డలోనే ఉంచేస్తానని అనుకున్నాడు. నేను అతన్ని కోడూరు దాటి, హంసలదీవి వైపు సముద్రం దగ్గర ఉన్న ఒక చేపల పల్లెకి వెళ్ళమన్నాను. ఆ పల్లెలో ఎక్కువమంది తమ దేవుళ్ళని తాము కొలుచుకునేవాళ్ళే. మన సంఘానికి వచ్చే ఇళ్ళు కొద్ది. వాళ్ళకో రేకుల షెడ్డు ఉంది, అదే గుడి. కూర్చోవడానికి రెండు పెద్ద చాపలు.

మైకు ఉందా అని అడిగాడు. షెడ్డు ఆ గోడ నుంచి ఈ గోడకి చెయ్యి చాపితే అందేటంత ఉంటుందని చెప్పాను. అయితే తన గొంతు అక్కడ ఎందుకని అతని ఉద్దేశం. పైకి అనలేదు. మొహం చెప్పింది.

నేను చెప్పినవి కొద్ది మాటలే. ఆదివారం వెళ్ళు. వారం మధ్యలో ఇంకోసారి వెళ్ళి ఇళ్ళు తిరుగు. ఎవరు ఏం పెడితే అది తిను. చిన్న ప్రసంగం చెయ్యి. పెద్ద పనులేవీ ఇప్పుడే ఎత్తుకోవద్దు. ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే అధికారం ఇంకా లేదు కాబట్టి నెలకోసారి దానికి నేనే వస్తాను.

అన్నిటికీ "అలాగేనండి" అన్నాడు. ఏదీ వినలేదని తర్వాత తెలిసింది.

కౌగిలి

ఆ పల్లె సంఘంలో ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారు. పెద్దవాడు ఏడుకొండలు, చిన్నవాడు తాతారావు. వాళ్ళ నాన్న సంఘంలోకి రాకముందు పెట్టుకున్న పేర్లు అవి. మార్చమని మేమెవరం అడగలేదు, వాళ్ళూ మార్చుకోలేదు. పేరు మారిస్తే మనిషి మారతాడని నాకు ఎప్పుడూ నమ్మకం లేదు.

ఇద్దరికీ మాటల్లేవు. తాతారావు ఒకసారి అన్న వల అడక్కుండా తీసుకెళ్ళి చింపుకొచ్చాడట. దాని మీద మాటా మాటా పెరిగి, రేవులో అందరూ వింటుండగా ఏడుకొండలు, "నువ్వు మా అమ్మ కడుపున పుట్టలేదురా" అన్నాడట. ఆ మాట తమ్ముడికి లోపల దిగబడిపోయింది. అప్పటినుంచి షెడ్డులో అన్న కుటుంబం ఒక చాప మీద, తమ్ముడి కుటుంబం రెండో చాప మీద. ప్రభువు బల్ల దగ్గరికి ఇద్దరూ రారు. కోపంతో తీసుకోకూడదని వాళ్ళకి తెలుసు, కోపం వదలడం ఇష్టం లేదు. ఆ సంగతి నాకు తెలుసు. నేను దాన్ని ముట్టుకోలేదు. భయం అనుకోండి, అనుభవం అనుకోండి.

సుధాకర్‌కి ఇది తెలియడానికి నెల పట్టింది. తెలిసిన ఆదివారమే తెగ్గొట్టేద్దామనుకున్నాడు. క్షమాపణ మీద ప్రసంగం చేశాడు. ఎలా చేశాడో మీరు ఊహించుకోవచ్చు. షెడ్డంతా ఏడుపు. ఆ ఊపులో ఇద్దరినీ పేరు పెట్టి పిలిచి, లేపి, ముందుకు రప్పించి, అందరి ఎదుటా కౌగిలించుకోమన్నాడు. అందరూ చూస్తుంటే ఏం చేస్తారు? కౌగిలించుకున్నారు.

సోమవారం పొద్దున్నే సుధాకర్ మా గుమ్మంలో ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది. ఎన్నేళ్ళుగానో తెగని తగువు ఒక్క గంటలో తెగిందని చెప్పాడు. ఎన్నేళ్ళుగానో అన్నప్పుడు నా వైపు చూశాడు. నేను ఒకటే అడిగాను. ఇంటికి వెళ్ళాక వాళ్ళిద్దరూ ఏమనుకున్నారు? ఇంకేం అనుకుంటారండీ, కౌగిలించుకున్నాక, అన్నాడు.

తర్వాతి ఆదివారం ఆ రెండు కుటుంబాలూ గుడికి రాలేదు. ఆ పైవారం కూడా రాలేదు. ఆ రెండు కుటుంబాలూ పోతే ఆ సంఘంలో మిగిలేది షెడ్డు ఊడ్చే ముసలి దంపతులు, చెవులు సరిగా వినపడని ఒక పెద్దావిడ. సుధాకర్ వాళ్ళకే ప్రసంగం చేశాడు. గొంతు మాత్రం తగ్గలేదట.

ఇక్కడ ఒక మాట. కుర్రాళ్ళు పాపం చేసి సంఘాన్ని పాడుచేస్తారని పెద్దలు భయపడతారు. నేను చూసినంతలో పాపం చేసి పాడుచేసినవాళ్ళు కొద్దిమందే. మంచి పని తొందరగా చేసి పాడుచేసినవాళ్ళు చాలామంది. పాపం చేసినవాడికి సిగ్గుంటుంది, పిలిచి మందలించొచ్చు. మంచి చేశాననుకునేవాడు సోమవారం పొద్దున్నే వెలుగుతున్న మొహంతో గుమ్మంలోకి వస్తాడు. వాడికేం చెప్తాం?

గుడివాడ హెడ్మాస్టరు గారు

ఈలోగా గుడివాడ నుంచి ఫోన్లు మొదలయ్యాయి. సుధాకర్‌కి అప్పటికే పెళ్ళి కుదిరింది. అమ్మాయి కృప, బందరులో ఒక ఆసుపత్రిలో నర్సు. తండ్రి జీవరత్నం గారు గుడివాడలో హైస్కూలు హెడ్మాస్టరు, అక్కడి సంఘంలో పెద్ద. ఎదుటివాళ్ళని పాసు చెయ్యడం, ఫెయిలు చెయ్యడం ఆయనకి జీవితమంతా అలవాటు. ఆ సంవత్సరం ఆయన అల్లుడిని పాసు చేసేశారు, నన్ను ఫెయిలు చెయ్యాలని చూస్తున్నారు.

ఆయన లెక్క తేలికైనది. గుడివాడ సంఘానికి పాస్టరు లేడు. క్రిస్మస్‌లోపు అల్లుడికి ఆర్డినేషన్, క్రిస్మస్ కాగానే పెళ్ళి, పెళ్ళి కాగానే గుడివాడలో తన ఇంటి మేడ మీద కాపురం. ఒకరోజు స్వయంగా అవనిగడ్డ వచ్చారు. చేతిలో శుభలేఖ. బంగారు రంగు అక్షరాలతో 'రెవరెండ్ సుధాకర్' అని అచ్చయి ఉంది. అప్పటికి దసరా కూడా రాలేదు.

నేను కార్డు అటూ ఇటూ తిప్పి, చాలా బాగుందండీ, కాకపోతే ఒక మాట ఎక్కువ పడిందన్నాను. అచ్చయిపోయాయండీ అన్నారాయన. అచ్చయింది కాబట్టి అదే నిజమని ఆయన వాదన. ఊళ్ళో అందరికీ చెప్పుకున్నానన్నారు. బోధకుడికి పిల్లనివ్వడం వేరు, అయ్యగారికి ఇవ్వడం వేరు అన్నారు. నేను ఆయనకి కాఫీ ఇప్పించి, పల్లెలో జరిగిన సంగతి చెప్పాను. ఆయన అంతా విని, "పల్లెల్లో అలాంటివి మామూలేనండీ, గుడివాడలో అయితే చదువుకున్నవాళ్ళు ఉంటారు" అన్నారు. గుడివాడలో చదువుకున్నవాళ్ళ మధ్య నేను కొంతకాలం పనిచేశాను. ఆ సంగతి అప్పుడు ఎత్తలేదు.

సుధాకర్ కూడా నన్నే తప్పుపట్టాడు. నేను అసూయపడుతున్నానని ఎవరి దగ్గరో అన్నాడట. మా ఆవిడ చెవిన పడింది. నేను నొచ్చుకుంటానని ఆవిడ కూర కలిపి వడ్డిస్తూ మెల్లగా చెప్పింది. నేను నొచ్చుకోలేదు. అతని గొంతు విన్నవాడెవడైనా కొంచెం అసూయపడకపోతే వాడికి చెవుడన్నమాట.

కృప

తర్వాతి వారం మధ్యాహ్నం పూట ఒక అమ్మాయి బందరు బస్సు దిగి, దారి అడుక్కుంటూ మా ఇంటికి వచ్చింది. సన్నగా, చామనచాయగా, నర్సుల్లో కొందరికుండే తొణకని నడకతో. తను కృపనని చెప్పింది. తండ్రి పంపాడనుకున్నాను. ఇక ఏడుస్తుంది, సంతకం పెట్టమని బతిమాలుతుంది అని సిద్ధపడి కూర్చున్నాను. మా ఆవిడ కూడా నీళ్ళగ్లాసు పట్టుకుని సిద్ధంగా నుంచుంది.

"అయ్యగారూ, నాన్నగారు వచ్చి వెళ్ళారట కదండీ," అంది. "ఆయన మాట మీరు వినకండి."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"ఆయనకి ఇప్పుడే గురుపట్టా ఇవ్వొద్దండి," అంది మళ్ళీ, సుధాకర్ గురించి. "ఆయన మంచివారే. కానీ నేను ఒక మాట మొదలుపెడితే పూర్తయ్యేలోపు దానికి వాక్యం చెప్పేస్తారు. మొన్న మా వార్డులో ఒక పాప పోయింది, ఆ సంగతి చెప్దామనుకున్నాను. సగంలో ఉండగానే ప్రార్థన చేసేశారు. ప్రార్థన బాగుంది. నేను చెప్పాల్సింది మాత్రం నా దగ్గరే ఉండిపోయింది."

మా ఆవిడ నీళ్ళగ్లాసు ఇచ్చింది. కృప తాగింది.

"రేపు సంఘంలో అందరికీ ఇలాగే అవుతుంది కదండీ. నాకైతే పర్వాలేదు, నేను ఇంట్లో గట్టిగా చెప్తాను. వాళ్ళు చెప్పలేరు."

మరి పెళ్ళి సంగతేమిటని అడిగాను. పెళ్ళి చేసుకుంటాను, పేరుకి ముందున్న అక్షరాలని కాదు కదా చేసుకునేది అంది. మీ నాన్నగారు ఒప్పుకుంటారా అని మా ఆవిడ అడిగింది. నాన్నగారు ఎప్పుడూ మొదట ఒప్పుకోరు, నర్సు చదువు కూడా అలాగే చదివాను అంది. అన్నం తిని వెళ్ళమంటే తిని, కంచం తనే కడిగి, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది. సుధాకర్‌కి చెప్పొద్దని మాట తీసుకుంది. నేను ఇన్నేళ్ళూ చెప్పలేదు. ఇది చదివితే ఇప్పుడు తెలుస్తుంది.

ఆ సాయంత్రం మా ఆవిడ నాతో, "ఇద్దరిలో తయారైనవాళ్ళు ఎవరో తెలిసింది కదా. మీరు తప్పు మనిషిని తయారుచేస్తున్నారు" అంది.

కూర్చోమనని ఇళ్ళు

సుధాకర్ ఆ పల్లెకి మళ్ళీ వెళ్ళనన్నాడు. ఇంకో ఊరు ఇవ్వమన్నాడు. నేను ఇవ్వలేదు. పోనీ ఇంకొక ప్రసంగం చేసి తప్పు ఒప్పుకుంటానన్నాడు. అది అంతకంటే ప్రమాదమని వద్దన్నాను. మరేం చెయ్యమంటారండీ అంటే, ఇళ్ళకి వెళ్ళమన్నాను. వెళ్ళి ఏం మాట్లాడాలన్నాడు. ఏమీ మాట్లాడొద్దన్నాను. అలా అయితే వెళ్ళడం ఎందుకన్నాడు. ఇంత చదువుకున్నాక కూడా ఈ ప్రశ్న దగ్గరే మనలో చాలామంది ఆగిపోతాం.

వెళ్ళాడు. ఏడుకొండలు ఇంటి ముందు వల బాగుచేసుకుంటూ కూర్చున్నాడట. తలెత్తలేదు, రమ్మనలేదు, కూర్చోమనలేదు. సుధాకర్ కాసేపు నుంచుని తమ్ముడి ఇంటికి వెళ్ళాడు. అక్కడా అంతే. వానలు మొదలయ్యాయి. కోడూరు దాకా బస్సు, అక్కణ్ణించి అద్దె సైకిలు, రోడ్డు పాడైతే నడక. తడిసిపోయి వెళ్ళి, చూరు కింద నుంచుని, తడిసిపోయి వచ్చేవాడు. వచ్చి నా మీద విసుక్కునేవాడు. విసుక్కోవడం మంచిదే. నటించడం మానేశాడని గుర్తు.

మొదటగా అతనితో మాట్లాడింది ఏడుకొండలు భార్య మంగమ్మ. ఒకరోజు కోడూరు మార్కెట్టు దగ్గర ఆటోలోంచి దిగుతూ కనిపించింది. పక్కనే తాతారావు భార్య లక్ష్మి. ఇద్దరివీ చేపల గంపలు, ఇద్దరూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. సుధాకర్ అక్కడే నిలబడిపోయాడు. మీరిద్దరూ మాట్లాడుకుంటారా అని అడిగాడట.

మంగమ్మ అతని అమాయకత్వానికి జాలిపడి అంతా చెప్పింది. తోడికోడళ్ళిద్దరూ ఏనాడూ మాట్లాడుకోవడం మానలేదు. పొద్దున్నే ఒకే ఆటోలో చేపలు తెస్తారు, ఒకళ్ళకి అమ్ముడుపోకపోతే రెండోవాళ్ళు తమ గంపలో కలుపుకుని అమ్మేస్తారు. తగువు మగవాళ్ళది. దాన్ని ఆదివారాలు చాపల మీద కాపాడుకుంటున్నారు, అంతే. వీళ్ళిద్దరూ కలిసి దాన్ని నెమ్మదిగా కరిగించుకొస్తున్నారు. అన్న ఇంట్లో వండిన పులుసు ఎవరు వండారో చెప్పకుండా తమ్ముడికి పెట్టడం, తమ్ముడి కూతురిని పెదనాన్న ఒళ్ళో వదిలేసి వెళ్ళడం, అలా.

"ఇంకొక్క పండక్కి అయిపోను పాస్టరుగారూ," అందట మంగమ్మ. "మీరొచ్చి అందరి ముందూ వాటేసుకోమన్నారు. ఇంటికొచ్చి ఇద్దరూ సిగ్గుతో మండిపోయారు. మేం మళ్ళీ మొదటికొచ్చాం."

ఆ మాట నాకు చెప్తున్నప్పుడు సుధాకర్ మొహం చూడలేకపోయాను. నాకు నవ్వు వస్తోంది, అందుకని. కానీ అతను కూడా చివర్లో కొంచెం నవ్వాడు. తన మీద తను నవ్వుకోవడం అదే మొదటిసారి. ఆ రోజే సంతకం పెట్టేద్దామా అనిపించింది. పెట్టలేదు. తొందర నాకూ ఉంటుంది.

అధ్యక్షుల వారి గదిలో

క్రిస్మస్ ముందు మా సంఘాల అధ్యక్షుల వారు నన్ను బందరు పిలిపించారు. మంచి మనిషి, కాకపోతే ఆయన బల్ల మీద టెలిఫోను ఉండేది. గుడివాడ నుంచి రోజూ మోగుతోందట.

"అబ్బాయి బాగా మాట్లాడతాడు కదా ప్రకాశరావు గారూ, ఇంకేం కావాలి మీకు?" అన్నారు.

వినాలండి అన్నాను.

వినడం మనలో ఎవరికి వచ్చు, మీకు వచ్చా, నాకు వచ్చా అన్నారు. ఆయన అన్నది నిజమే. చివరికి ఆయన ఒక గడువు పెట్టారు. ఈస్టరు. అప్పటికి నేను సంతకం పెట్టకపోతే గుడివాడని ఇక ఖాళీగా ఉంచలేనన్నారు. పంపడానికి వేరే ఎవరూ లేరు కాబట్టి నన్నే అక్కడికి మారుస్తానన్నారు. "ఆ హెడ్మాస్టరు గారితో మీరే పడండి," అన్నారు. నవ్వుతూనే అన్నారు, కానీ ఆయన నవ్వుతూ చేసిన బదిలీలు నాకు చాలా తెలుసు.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. ఆవిడ పెరట్లో ఆ ఏడే కాపుకొచ్చిన జామచెట్టు వైపు చూసి, లోపలికి వెళ్ళి అట్లు పోసింది. సంతకం పెట్టమనలేదు, వద్దనలేదు. సుధాకర్‌కి ఈ గడువు సంగతి నేను చెప్పలేదు. చెప్తే నా కోసం మారతాడు. అలా మారినవాళ్ళు నాకు కొంతమంది తెలుసు. నేను ఊరు మారగానే వాళ్ళూ పాతదారికి మారిపోయారు.

పెళ్ళి మాత్రం అనుకున్న వేళకే అయింది. శుభలేఖల్లో ఎక్కువ పడిన మాటని పెళ్ళికొడుకే కూర్చుని నల్ల సిరాతో కొట్టేశాడు. గుడివాడలో ప్రతివాళ్ళూ ఆ కార్డు దీపానికెదురుగా పెట్టి కింద ఏముందో చదువుకున్నారు. జీవరత్నం గారు పెళ్ళిలో నాకు స్వయంగా వడ్డించారు. పెరుగు దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి కొంచెం వెనక్కి తగ్గింది.

చాప

ఈస్టరు ముందు ఆదివారం ప్రభువు బల్లకి నేను ఆ పల్లెకి వెళ్ళాను. అప్పటికి తాతారావు కుటుంబం అడపాదడపా వస్తోంది, ఏడుకొండలు కుటుంబమూ వస్తోంది, కాకపోతే ఒకళ్ళు వచ్చిన వారం రెండోవాళ్ళు రారు. ఆ ఇళ్ళల్లో సుధాకర్‌ని ఎప్పుడు కూర్చోమన్నారో నాకు తెలియదు. అతను చెప్పలేదు. అప్పటికి అతను నాకు అన్నీ చెప్పడం మానేశాడు, నేనూ అడగడం మానేశాను.

షెడ్డులోకి వెళ్ళేసరికి ఒకటే చాప పరిచి ఉంది. రెండోది ఏమైందని అడిగితే, ఉతికి ఆరేశామండి, ఇంకా తడిగా ఉందని మంగమ్మ చెప్పింది. బయట ఎండ మాడిపోతోంది.

తాతారావు ముందు వచ్చి చాప చివర కూర్చున్నాడు. కాసేపటికి ఏడుకొండలు వచ్చాడు. గుమ్మంలో ఆగాడు. వెనక మంగమ్మ, చంకలో తాతారావు కూతురు. వెనక్కి తిరగడానికి దారి లేదు. లోపలికి వచ్చి చాప ఇవతలి చివర కూర్చున్నాడు. మధ్యలో ముసలి దంపతులు, చెవులు వినపడని పెద్దావిడ.

సుధాకర్ ఆ రోజు ప్రసంగానికి ఇద్దరు అన్నదమ్ముల కథ ఉన్న వాక్యభాగానికి బైబిల్లో గుర్తు పెట్టుకొచ్చాడు. బస్సులో నాకు చూపించాడు కూడా. లేచి నుంచున్నాడు, చాప వైపు చూశాడు, ఆ పేజీ మూసేశాడు. విత్తనం గురించి చెప్పిన ఇంకొక చిన్న భాగం చదివి, నాలుగు మాటలు చెప్పి కూర్చున్నాడు. అంతటి గొంతు ఉన్నవాడు దాన్ని జేబులో పెట్టుకుని కూర్చోవడం నేను అప్పుడే చూశాను. పెద్దావిడకి ఏమీ వినపడి ఉండదు.

నేను రొట్టె విరిచి ఇచ్చాను. ఆ షెడ్డులో ఎవరూ ముందుకు రారు, రొట్టె పళ్ళెం, ద్రాక్షరసం గిన్నె చేతులు మారుతూ వెళ్తాయి. ఏడుకొండలు తీసుకున్నాడు. గిన్నె కూడా పుచ్చుకున్నాడు. పక్కనున్న ముసలాయనకి ఇవ్వాలి. ఆయన చేతులు వణుకుతాయి. ఏడుకొండలు మోకాళ్ళ మీద లేచి, ముసలివాళ్ళ వరసంతా తనే పట్టుకుని తాగించి, ఆ చివరికి జరిగి, తమ్ముడి ముందు గిన్నె పెట్టాడు.

"పట్టుకోరా," అన్నాడు. "జాగ్రత్త, ఒలికిద్ది."

తాతారావు రెండు చేతులతో పట్టుకున్నాడు.

నేను సుధాకర్ వైపు చూశాను. ఇలాంటి చోట ఒక ప్రార్థన, ఒక కేక, ఒక పాట, ఏదో ఒకటి రాకుండా ఉండదని. అతను కిటికీలోంచి బయట ఆరేసిన చాప వైపు చూస్తున్నాడు. ఏడుకొండలు తన చోటుకి తిరిగి వచ్చి కూర్చునేదాకా తల తిప్పలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అవనిగడ్డ దాకా ఆ సంగతి ఎత్తలేదు. నేనే ఆగలేక, చూశావా అన్నాను. "చూశానండి," అన్నాడు. కాసేపయ్యాక, కృపకి ఈ సంగతి ఎలా చెప్పాలో ఆలోచిస్తున్నానన్నాడు. నేను మర్నాడు సంతకం పెట్టాను.

బందరులో

ఈస్టరు అయ్యాక బందరు గుడిలో ఆర్డినేషన్ జరిగింది. జీవరత్నం గారు ముందు వరసలో కూర్చున్నారు. దివిసీమ నుంచి పల్లెవాళ్ళు కొంతమంది బస్సు మీద వచ్చారు. మాలో ఒక ఆనవాయితీ ఉంది. గురుపట్టా ఇచ్చేముందు, ఆ కుర్రాడు పనిచేసిన సంఘం నుంచి ఒకరు లేచి అతని గురించి సాక్ష్యం చెప్పాలి. పల్లెవాళ్ళు ఏడుకొండలుని ముందుకు తోశారు. ఏం చెప్పాలో రాసిస్తానని జీవరత్నం గారు అంతకుముందే బయట అతనితో అన్నారట. చదువు రాదండి అని తప్పించుకున్నాడు. నాకు తెలిసి అతను సంతకం పెట్టగలడు, బస్సు బోర్డులు చదవగలడు.

ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో ఏడుకొండలు మైకు ముందు నుంచుని, మైకుని అటూ ఇటూ చూశాడు. అధ్యక్షుల వారు సాయం చేద్దామని, ఈ సహోదరుడు మీకు ఏమేమి బోధించారో చెప్పమన్నారు.

ఏడుకొండలు చాలాసేపు ఆలోచించాడు.

"ఏం చెప్పారో గుర్తులేదండి," అన్నాడు. "మొదట్లో చాలా చెప్పారు. అప్పుడు మా ఇంటికొస్తే కూర్చోమనలేదు. అయినా వచ్చారు. వానలో కూడా వచ్చారు. అలా వస్తానే ఉన్నారు, ఇక మేమే కూర్చోమన్నాం."

అంతే అన్నట్టు తలాడించి, వెళ్ళి తమ్ముడి పక్కన కూర్చున్నాడు.